అత్తయ్యతో ఐదక్షరాల ఆట

ఈ ఆట కనిపెట్టినవాడెవడో గానీ వాడి చేతులు పడిపోను. రోజుకొక మాట. ఐదక్షరాలు, ఆరు ప్రయత్నాలు. అక్షరం ఉండాల్సిన చోట పడితే గడి ఆకుపచ్చగా మారుతుంది. మాటలో ఉండి చోటు తప్పితే పసుపు, అసలు లేకపోతే బూడిద. ఇంతవరకు పిల్లలాటే. కానీ మాది అరబిక్, మాకు హంజా అని ఒకటుంది. పలికితే గొంతులో చిన్న తెగు, రాస్తే కోడిపిల్ల గోరంత. దానికి సొంత చోటంటూ లేదు. ఒక మాటలో అలిఫ్ అనే అక్షరం నెత్తినెక్కుతుంది, ఇంకో మాటలో అలిఫ్ కాళ్ళకింద దూరుతుంది. ఒకచోట వావ్ మీద, మరోచోట యా మీద, ఏదీ నచ్చకపోతే ఒట్టి నేలమీద చతికిలబడుతుంది. నోటితో పలికితే అన్నీ ఒకటే. ఆట మాత్రం చచ్చినా ఒప్పుకోదు. సరైన మాటే రాసినా హంజా కూర్చునే చోటు తప్పితే బూడిద గడి మొహాన కొడుతుంది.

నేను ఖార్తూమ్ ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసినదాన్ని. చదువంతా ఇంగ్లీషులో వెలగబెట్టాను. హంజాకీ నాకూ మొదట్నుంచీ పడదు.

మా ఆయన ముతసిమ్‌కి హంజా మీద పట్టు తల్లి పోలిక. ఆ తల్లి, అంటే మా అత్తయ్య హాజ్జా అవదియా, ఒమ్‌దుర్మాన్ ఆడపిల్లల బడిలో అరబిక్ పంతులమ్మ. పెళ్ళిచూపుల్లో నా చేతిరాత చూసి, "పిల్ల బంగారం, హంజాలే గాలికి తిరుగుతున్నాయి" అన్న మనిషి. యుద్ధం మొదలయ్యాక మేమిద్దరం కైరో వచ్చి, ఫైసల్ వీధి వెనక ఐదో అంతస్తులో పడ్డాం. అత్తయ్య దేశం దాటనంటే దాటనంది. ముతసిమ్ అక్క నిమాత్ ఆమెను వెంటబెట్టుకుని ఉత్తరాన కరీమాకి పోయి, ముక్కూమొహం తెలియని వాళ్ళింట్లో వెనకగది తీసుకుంది. మా చుట్టాలందరూ తలోదిక్కయిపోయారు. కరీమాలో వాళ్ళని ఎరిగినవాళ్ళు లేరు, ఫైసల్‌లో మమ్మల్ని ఎరిగినవాళ్ళు లేరు.

అక్కడ ఫోన్లు పనిచేయవు. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక వీధి చివరి కొట్టువాడు తన ఉపగ్రహం ఇంటర్నెట్ డబ్బా వేస్తాడు. ఆ గంటసేపు మెసేజీలు వస్తాయి, పోతాయి. మాట్లాడదామంటే "అల్లో, అల్లో" తప్ప రెండో ముక్క దాటేది కాదు. అందుకని తల్లీకొడుకులకు ఆటే మాట అయింది. అసర్ తర్వాత ఆమె రంగుగడులు వచ్చేవి, కింద ఒక ఎత్తిపొడుపు ఉండేది. "ఒరే, ఆరో వరుసలోనా? నీకు నేనిచ్చింది పాలా, నీళ్ళా?" ఈయన తిరిగి తన గడులు పంపి, "నువ్వు జీతం తీసుకుని నేర్చుకున్నావు, నాది ధర్మానికొచ్చిన చదువు" అనేవాడు. ఒకరోజు 'బాధ్యుడు' అనే మాట వచ్చింది. మా దేశపు బళ్ళలో అందులో హంజాని యా మీద పెడతారు. ఆటకేమో వావ్ మీద కావాలట. ఆ రోజు అత్తయ్య కోపం చూడాలి. ఆ ఆట పెట్టినవాడు ఏ బడిలో చదివాడో కనుక్కోమంది. వాడికి చదువు చెప్పిన పంతుల్ని బెంచీ ఎక్కించాలంది.

ఇద్దరికీ చెరొక మొదటి మాట ఉండేది, ఎప్పుడూ మార్చేవాళ్ళు కాదు. ఆమెది 'మద్రసా', బడి. ఈయనది 'సలామా', క్షేమం. జవాబు తెలిశాక ఎదుటివాళ్ళ మొదటి వరుస రంగులు చూస్తే వాళ్ళు ఏ మాటతో మొదలుపెట్టారో తెలిసిపోతుంది. అందుకని ఆమె ముందు చూసేది మొదటి వరుసే. కొడుకు 'క్షేమం' అని మొదలుపెట్టాడా లేదా అన్నదే ఆమెకి కావాలి. తర్వాత గెలిచాడా ఓడాడా అన్నది వెక్కిరించడానికి.

రంజాన్ పండగ వెళ్ళిన వారంలో ముతసిమ్ పోయాడు. మందుల గోడౌనుకి పనికి బయల్దేరి మెట్రో మెట్ల మీద కూర్చుండిపోయాడు, మళ్ళీ లేవలేదు. గుండెలో స్టెంటు వేయించుకున్న మనిషి. ఎవరో మా వీధివాళ్ళే పూనుకుని మట్టి చేశారు. నా చేతికి ఆయన చెప్పులు, ఫోను వచ్చాయి.

ఇప్పుడొకటి చెప్పాలి. మాలో చావు కబురు ఫోన్లో చెప్పరు. అది మర్యాద కాదు, మనిషిని చీకట్లో తోసినట్టు. మనిషే మనిషి దగ్గరికి వెళ్ళాలి. గడప దగ్గర నిలబడి రెండు అరచేతులూ ఎత్తి "ఫాతిహా" అనాలి. లోపలివాళ్ళు కూడా అరచేతులెత్తి ఖురాన్‌లోని ఆ అధ్యాయం లోలోపల చదువుకుని మొహం తుడుచుకోవాలి. పడిపోతే పట్టుకోవడానికి ఎదురుగా ఒక మనిషి ఉంటాడన్నమాట. కరీమాకి పంపడానికి నా దగ్గర ఏ మనిషీ లేడు. భర్త పోయినదాన్ని, తెల్లబట్ట చుట్టుకుని గడువు తీరేదాకా ఇల్లు దాటకూడదు. అత్తయ్యకి చక్కెర జబ్బు, ఇల్లు పోయింది, ఊరు పోయింది. ఇంత చిన్న మెసేజీతో ఆమె కొడుకుని చంపనా? నా వల్ల కాలేదు. నిమాత్‌కి చెబుదామంటే ఇద్దరిదీ ఒకటే ఫోను.

అసర్ దాటింది. ఆయన ఫోను మోగింది. అత్తయ్య గడులు. కింద, "ఏరా, పండగ పిండివంటలు తిని పడుకున్నావా? గడులేవి?"

నేను ఆట తెరిచాను. 'స్వాగతం, ముతసిమ్' అంది అది. చచ్చినవాడికి స్వాగతం ఏంటి, పాపిష్టిదానా అని పైకే తిట్టాను. తర్వాత 'సలామా' అని కొట్టాను.

అలా మొదలైంది. నా ఒకే ఒక్క పని అత్తయ్యకి కొడుకుని మిగల్చడం. మనిషి దొరికేదాకా, ఎవరో ఒకరు ఆమె ఎదురుగా నిలబడి చెప్పగలిగేదాకా. కింది వాటాలో ఉండే ఈజిప్టు ఆవిడ కూరా రొట్టె పట్టుకొచ్చి, కొత్త విధవ ఫోన్లో ఆటలాడుతోందని నోరు నొక్కుకుని పోయింది. పోనీ. ఆవిడకి నేనేం చెప్పగలను?

ఆట ఆడటం వేరు, ముతసిమ్‌లా ఆడటం వేరు. ఆయన మూడో వరుసలో తేల్చేవాడు. నేను ఆరులో కూడా మునిగేదాన్ని. మా నోటి పలుకు కూడా నాకు శత్రువే. మేం పలికేది ఒకటి, రాసేది ఒకటి. చెవిని నమ్ముకుని రాస్తే వరుసంతా బూడిదే. ఒక్కోసారి గుక్క తిప్పుకోకుండా తిట్టేదాన్ని. ఒక్కోసారి మాట పట్టేసినప్పుడు, దేవుడు నన్ను క్షమించాలి, నవ్వొచ్చేది. తెల్లబట్టలో కూర్చుని చప్పట్లు కొట్టిన రోజు కూడా ఉంది. వెంటనే ఇల్లంతా చూశాను, ఎవరు చూశారోనని.

ఎందుకంటే ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నట్టు ఉండేది కాదు. నేను హంజా తప్పు పెట్టినప్పుడల్లా బాల్కనీ వైపు నుంచి నాలుక చప్పుడు వినిపించేది. "చ్చ్." ముతసిమ్ అలవాటు అది. మొదటిసారి బల్లి అనుకున్నాను. రెండోసారి బల్లి కాదని తెలిసింది. భయం వేసిందా అంటే వేసింది. కానీ భయం కన్నా ఒళ్ళుమంట ఎక్కువ. "వచ్చి నువ్వే ఆడు మరి, అక్కడ కూర్చుని చప్పరిస్తావేం?" అన్నాను.  లేచి చూస్తే బాల్కనీలో ఆయన కుర్చీ నేను పెట్టిన వైపు లేదని నాకనిపించింది.

ఒకరోజు 'ముత్యం' వచ్చింది. మా భాషలో ఆ మాట ఒక దొంగల ముఠా. రెండు హంజాలు, చివర 'హ'లా కనిపించి 'త'లా ప్రవర్తించే అక్షరం. మొదటి అక్షరం పచ్చగా పడింది. ఆ తర్వాత నేను పెట్టని చోటు లేదు. అలిఫ్ మీద పెట్టాను, యా మీద పెట్టాను. చ్చ్, చ్చ్. ఆరో వరుస మిగిలింది. ఫోను ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. ముత్యం కోసం కాదులెండి, అందరికీ తెలిసిందే. ఏడుపు ఆగాక చూస్తే ఐదు గడులూ పచ్చగా ఉన్నాయి. నా వేలే నొక్కి ఉంటుంది. ఇంకెవరు నొక్కుతారు? కానీ అది నా వేలని నేను ఒట్టు వేయలేను.

ఆ రోజు అత్తయ్య నుంచి వచ్చింది, "పరవాలేదురా, ముత్యాన్ని ముక్కి మూలిగి పట్టావు. నేను పట్టలేకపోయాను."

అదే నన్ను నిలవనివ్వలేదు. పట్టలేకపోవడమేంటి? ఆమె గడులు రంజాన్ నెలలోనే దిగజారాయి, ఉపవాసాల నీరసమేలే అన్నాడు ముతసిమ్. పండగ వెళ్ళాక కూడా తేరుకోలేదు. మొదటి వరుస 'బడి'తోనే ఉండేది, నేను సరిచూసేదాన్ని. ఆ తర్వాత నాలా తడుముకునేది. ఐదు, ఆరు, కొన్నిరోజులు ఏకంగా ఓటమి. జీవితమంతా ఎర్రసిరాతో పిల్లల హంజాలు దిద్దిన మనిషికి తన హంజాలు కనిపించడం లేదు. నేను ఆమెను బతికించుకోవాలని కూర్చుంటే ఆమె నా కళ్ళముందే కొంచెం కొంచెంగా వెళ్ళిపోతోందనుకున్నాను. ఎత్తిపొడుపులు మాత్రం తగ్గలేదు. కాకపోతే ఎన్నడూ లేనంత మెత్తగా ఉండేవి. "తిన్నావా? తహాని మీద అరవకు. పిల్ల అలిసిపోయి ఉంటుంది." పెళ్ళయినప్పట్నుంచీ ఆమె నా గురించి అంత చల్లగా అన్నది ఎరగను. ఆ మాట ఎన్నిసార్లు చదువుకున్నానో. బతికున్నప్పుడు ఆయనకి రాని మాటలు, చచ్చాక నాకు వస్తున్నాయి. సిగ్గేసేది, దొంగతనంగా తింటున్నట్టు. అయినా సాయంత్రం అయ్యేసరికి వాటికోసం ఎదురుచూసేదాన్ని.

హాషిమ్ వచ్చింది ఒక శుక్రవారం మధ్యాహ్నం. ఒమ్‌దుర్మాన్‌లో మా అత్తయ్యవాళ్ళ పక్కింటబ్బాయి, ముతసిమ్‌తో కలిసి పెరిగినవాడు. లారీ మీద సరుకు వేసుకుని సరిహద్దు దాకా తిరుగుతాడని విన్నాను. ఐదంతస్తులెక్కి ఆయాసంతో గడప బయట నిలబడ్డాడు. నన్ను చూశాడు, నా తెల్లబట్ట చూశాడు. అతని మొహం ఒక్కసారిగా జారిపోయింది. రెండు అరచేతులూ ఎత్తాడు.

"ఫాతిహా" అన్నాడు.

నా గుండె బరువు దిగినట్టయింది. మూడు నెలలుగా మావాళ్ళెవరూ నా గడప ముందు అలా చేతులెత్తలేదు. నేను కూడా చేతులెత్తాను. ఇద్దరం పెదాలు కదుపుతూ చదివాం, మొహాలు తుడుచుకున్నాం. దేవుడు కరుణించాలి అన్నాడు. మనమంతా ఆయన సొత్తే అన్నాను. తలుపు బార్లా తీసి, కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చాను.

ఒక్క గుక్కలో తాగి, మీకు ముందే తెలియడం మంచిదయింది అన్నాడు. దారి పొడుగునా ఎలా చెప్పాలో తెలియక నలిగిపోయాడట. తెల్లబట్ట చూశాకే ప్రాణం కుదుటపడిందట. నాకర్థం కాలేదు. నా మొగుడు పోయిన సంగతి నాకు చెప్పడమేంటి? ప్రయాణం బడలిక అనుకున్నాను. అతను గ్లాసు కింద పెట్టి లోపలి గది వైపు మెడ సాచి చూశాడు.

"ముతసిమ్ ఏడి వదినా? పనికెళ్ళాడా?"

 మాట్లాడితే ఏదో జరిగిపోతుందని తెలుస్తోంది, ఏమిటో తెలియడం లేదు.

"నువ్వు ఫాతిహా ఎవరికి చదివావు, హాషిమ్?"

"అవదియా అమ్మకి" అన్నాడు. "మరి మీరు?"

నేను చెప్పక్కర్లేకపోయింది. అతను మళ్ళీ నా తెల్లబట్ట వైపు చూశాడు. ఈసారి మడమల దాకా చూశాడు. విధవ కట్టు అది. తలుపు పక్కన ముతసిమ్ చెప్పులు చూశాడు. కుర్చీలోంచి జారి నేలమీద కూర్చుని, చిన్నపిల్లాడిలా మోకాళ్ళలో తలపెట్టుకున్నాడు.

కాసేపటికి అతనే చెప్పాడు. అత్తయ్య రంజాన్ నెల మొదలవడానికి ముందు శుక్రవారం పోయింది. నిద్రలోనే. తమ్ముడికి గుండెజబ్బు, పరాయి ఊళ్ళో మెసేజీ చూసి కూలిపోతే వాణ్ణి పట్టుకునేదెవరు అని నిమాత్ ఎవరికీ చెప్పలేదు. ఒక మనిషి దొరికేదాకా అమ్మ పేరుతో తనే ఆడుతూ వచ్చింది. నిమాత్ వదిన బట్టలు కుట్టుకునే మనిషి, బడి ఎగ్గొట్టి సూది పట్టుకుంది. పంతులమ్మ కడుపున చెడబుట్టావని అత్తయ్య దెప్పేది. అలాంటిది దారాలు పక్కనపెట్టి హంజాలతో కుస్తీ పట్టింది. "తొందరగా వెళ్ళు తమ్ముడూ, ఈ కొక్కేలు నా ప్రాణం తోడేస్తున్నాయి" అని హాషిమ్‌ని సాగనంపిందట.

నేను గోడకానుకుని నిలబడ్డాను. మొదట వచ్చింది ఏడుపు కాదు, కోపం. మూడు నెలలు. చచ్చిపోయిన మనిషిని బతికించడానికి మూడు నెలలు కూర్చున్నాను. అక్కడ నిమాత్ చచ్చిపోయిన మనిషిని బతికించడానికి కూర్చుంది. అక్షరం ముక్క రాని ఇద్దరం ఇద్దరు పండితుల పేర్లు పెట్టుకుని, ఒకళ్ళ ఓటమి చూసి ఒకళ్ళం కుమిలిపోయాం. ఆమె గడులు చూసి అత్తయ్య అయిపోతోందని నేను. నా గడులు చూసి తమ్ముడికి ఏమైందో అని ఆమె. 'తహాని మీద అరవకు' అన్నది అత్తయ్య కాదు. ఆమె నన్ను అలా అననేలేదు. ఆ సంగతి అన్నిటికన్నా లోతుగా గుచ్చుకుంది. పైకి చెప్పుకోవడానికి కూడా చిన్నతనం.

హాషిమ్ మళ్ళీ కరీమా వెళ్ళేది వచ్చేనెల. అప్పటిదాకా ఏం చేద్దామన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు.

"నేనొక చావు మోసుకొచ్చాను వదినా. వెళ్ళేటప్పుడు ఇంకొకటి మోసుకెళ్ళమంటారా? ఆవిడకి ఇంకెవరూ లేరు."

కింద మసీదులో అసర్ పిలుపు అయింది. నమాజు కూడా అయిపోయింది. ముతసిమ్ ఫోను మోగింది. ఇద్దరం దాని వైపు చూశాం. తెర మీద 'అమ్మ' అని పడింది. ఇప్పుడే ఆమెకి ఫాతిహా చదివాం.  అటువైపు ఉన్నది నిమాత్ అని తెలిసి కూడా, హాషిమ్ ఆ ఫోనుకి దూరంగా జరిగాడు.

ఆరు వరుసలు. ఒక్క గడి కూడా పచ్చగా లేదు. మనసు పెట్టి ఆడలేదని చూస్తేనే తెలుస్తోంది. కింద ఎత్తిపొడుపు లేదు. "నాయనా, హాషిమ్ వచ్చాడా?"

అంటే ఆమె కాచుకుని ఉంది. తమ్ముడికి తెలిసిందా, తట్టుకున్నాడా, తనని ఒక్కసారి 'అక్కా' అంటాడా అని కాచుకుని ఉంది. హాషిమ్ నా చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు. ఇవాళ్టికి రాలేదని రాయమన్నాడు. రేపటి సంగతి రేపు చూద్దామన్నాడు. ఫోన్లో చెప్పడం తప్పు, తప్పని నాకు తెలుసు. కానీ వచ్చాడని రాస్తే ముతసిమ్ తల్లి కోసం ఏడవాలి. ఆ ఏడుపు నేను రాయాలి. చచ్చినవాడి చేత చచ్చిన తల్లి కోసం ఏడిపించడం నా వల్ల కాదు. రాలేదని రాస్తే ఆమె రేపు కూడా అమ్మ వేషం కట్టాలి. ఆమె ఎంత అలిసిపోయిందో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ అలుపే నాకూ ఉంది.

ఆయన ఫోను నుంచే రాశాను. "వదినా, నేను తహానిని."

రెండు టిక్కులు పడ్డాయి, నీలం అయ్యాయి. అటువైపు రాస్తున్నట్టు చుక్కలు కదిలాయి, ఆగాయి. మళ్ళీ కదిలాయి. హాషిమ్ లేచి నిలబడి ఏ మనిషీ కనిపించని ఆ తెర ఎదుట రెండు చేతులూ ఎత్తి ఉంచాడు.

"ఎప్పుడు?" అని వచ్చింది.

"పండగ వెళ్ళాక."

చాలాసేపు ఏమీ రాలేదు. ఆ వెనకగదిలో ఆమెను పట్టుకోవడానికి ఎవరూ లేరు. నేనేం చేశానో అప్పుడు తెలిసొచ్చింది. వదినా, వదినా అని ఊరికే రాస్తూ పోయాను.

"అమ్మ సంగతి తెలిసి పోయాడా?"

నేను ఆ ప్రశ్న చదివాక గానీ లెక్క నా బుర్రకెక్కలేదు. రంజాన్ నెలకి ముందే అత్తయ్య పోయింది. ఆ నెలంతా ముతసిమ్ బతికే ఉన్నాడు. ఇఫ్తార్ కోసం కూర్చుని రోజూ ఆ మాటలు నాకు చదివి వినిపించినవాడు ఆయనే. నేను ఆడిన మూడు నెలల ఆట ఏ తల్లినీ కాపాడలేదు. నిమాత్ ఆడిన నెల ఆట మాత్రం చేరాల్సిన వాడికే చేరింది.

"తెలియదు" అని రాశాను. "పోయే ముందురోజు సాయంత్రం, పిండివంటలు నాకు మిగల్చకుండా తినేశావా అని నువ్వు రాశావే, అది నాకు రెండుసార్లు చదివి వినిపించాడు. కడుపు పట్టుకుని నవ్వాడు. మా అమ్మ నాలుక ఇంకా పదునే అన్నాడు."

చుక్కలు కదిలాయి.

"అయితే చివరిదాకా వాడికి అమ్మ ఉంది."

"ఉంది వదినా" అని రాశాను. ఒక్క టిక్కే పడింది. అక్కడ కొట్టువాడు డబ్బా కట్టేసి ఉంటాడు. ఆ మాట ఆమెకి మర్నాడు అసర్ తర్వాత గానీ అందలేదు.